చెక్క ఒరలో కత్తి

అమీర్‌పేటలో చెప్పని కోర్సు లేదంటారు. మైత్రీవనం చుట్టూ ఒక్క చక్కర్ కొట్టి చూడండి, గోడ కనబడనన్ని బోర్డులు. జావా, పైథాన్, టెస్టింగ్, క్లౌడ్, తడబడకుండా ఇంగ్లిషు మాట్లాడటం, అన్నిటికీ మేష్టర్లున్నారు, డెమో క్లాసు ఉచితం. కత్తికి పదును పెట్టే విద్య మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. అది కావాలంటే ఎస్సార్ నగర్ మీదుగా ఇటు మా బల్కంపేట వైపు నడిచి రావాలి. ఏదో ఒక సందు మలుపులో సైకిలుకి స్టాండు వేసి, దాని మీదెక్కి కూర్చుని, అంగుళం కదలకుండా మైళ్ళకొద్దీ పెడల్ తొక్కే మనిషి కనబడతాడు. ఆయనే మా ఫ్యాకల్టీ.

రండి, కూర్చోండి. ఆషాఢం వాన పట్టుకుంది, ఇప్పట్లో వదిలేలా లేదు. గుమ్మం బయట బండి మీద బొగ్గుల్లో కంకులు కాలుస్తున్నారు, మన కబుర్లకి ఆ సెగ చాలు. టీ చెప్పాను. ఇవాళ కబుర్లన్నీ కత్తుల మీదే. కంగారుపడకండి, మనం ఎవరి మీదా నూరబోవడం లేదు.

ఆయన బండి తీరు ఎప్పుడైనా పరకాయించి చూశారా? వెనక చక్రం నుంచి ఓ పట్టీ ముందుకొచ్చి, హ్యాండిల్ దగ్గర బిగించిన చిన్న రాతిచక్రాన్ని తిప్పుతుంది. పెద్దది ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది బోలెడు చుట్లు తిరిగేస్తుంది. "చాకూ, ఛురీ, కైంచీ" అని కేకేస్తూ వస్తాడు. తెలుగువాళ్ళ గుమ్మం ముందైతే "కత్తులకు సాన పడ్తం అమ్మా" అని మారుస్తాడు. బక్రీద్ ముందు ఆయనకి ఊపిరి తిరగదు. బోనాల రోజుల్లో మా పేటలో ప్రతి ఇంటికీ చుట్టాలే, ప్రతి పొయ్యి మీదా మాంసమే, కనక మళ్ళీ గిరాకీ. ఎల్లమ్మ కల్యాణం జరిగే ఆషాఢం మొదటి మంగళవారం మాత్రం ఆయన జాడ ఉండదు. ఆ రోజు మా రోడ్లు మూసేసి బళ్ళని దారి మళ్ళిస్తారు. సైకిలు సంగతి దేవుడెరుగు, మనిషి ఒత్తిగిల్లడానికే చోటుండదు.

ఎల్లమ్మంటే రేణుకమ్మే. ఇక్కడ ఆవిడ నేలమట్టానికి బాగా కింద, బావిలో వెలిసిన తల్లి. ఆవిడ కథలో అసలు మలుపు తిప్పింది ఓ గొడ్డలి. జమదగ్ని ఆజ్ఞ, పరశురాముడి చెయ్యి, ఒకే ఒక్క వేటు. కథ చెప్పేవాళ్ళు అక్కడికి రాగానే గొంతు తగ్గిస్తారు, వినేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. నా బుద్ధి మాత్రం పక్కదారి పడుతుంది. ఒక్క వేటుకి పని అయిందంటే ఆ గొడ్డలికి ఎవరు సాన పట్టారో, ఎంత జాగ్రత్తగా దాచారో అని. భక్తులు మన్నించాలి.

సరే, రాతి దగ్గరికొద్దాం. మా వంటింటి కత్తి చేతికిచ్చి పక్కనే నిలబడ్డాను. ముందు దాన్ని బొటనవేలి గోటి మీద ఏటవాలుగా ఆనించాడు. పదునున్న అంచు గోటిని పట్టుకుని ఆగుతుంది, మొద్దుబారింది జారిపోతుంది. మాది సర్రున జారింది. ఆయన నా వైపు ఓ చూపు చూశాడు, ఆ చూపులో మా వంటింటి పరువంతా పోయింది. హ్యాండిల్‌కి వేలాడే డబ్బా అడుగున చిన్న బెజ్జం. అందులోంచి చుక్కా చుక్కా నీళ్ళు రాతి మీద పడుతున్నాయి. కత్తి మడమ దగ్గర మొదలెట్టి మొన దాకా ఒకే ఊపున లాగుతాడు, మధ్యలో ఆగడు. ఆగితే అక్కడ గుంట పడుతుందట. మొదట గరగరమన్న చప్పుడు నాలుగైదు లాగుళ్ళకి సన్నబడి, ఈలలా మారింది.

"ఈ నీళ్ళెందుకు భాయ్?" అన్నాను.

"ఎండు రాయి మీద పెడితే కత్తి నీలం తిరుగుతది సార్. నీలం తిరిగిందంటే ఇగ అది పోయినట్టే. రవ్వలు చూసి మీకు ఖుషీ, ఉక్కుకు జ్వరం."

లోహాల మేష్టర్లు పాఠమంతా చెప్పి తేల్చేది ఇదే. కత్తిని ఎర్రగా కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. అందుకని మళ్ళీ సన్నసెగన కాస్త వేడి చేసి ఆ పెళుసు విరుస్తారు. ఎంత వేడెక్కిందో ఉక్కు మీద తేలే రంగే చెబుతుంది. సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు, 300 దగ్గరికొస్తే నీలం. గడ్డి రంగు దగ్గర ఆపిన కత్తి గట్టిగా ఉండి అంచు నిలుపుకుంటుంది. నీలం దాకా పోయిందంటే మెత్తబడ్డట్టే. కమ్మరి కొలిమి ముందు అంత ఒడుపుగా ఆపిన వేడిని, నీళ్ళు లేని సానరాయి రెండు నిమిషాల్లో దాటించేస్తుంది. అందులోనూ అంచు కాగితంకన్నా పల్చన, వేడి పోవడానికి దారుండదు. కరెంటు గ్రైండరు మీద రవ్వలు చిమ్ముతూ "తళతళలాడేలా చేసిచ్చాం" అని కొన్ని దుకాణాల్లో చేతికిచ్చే కత్తులు నెల తిరక్కుండా మొద్దుబారడానికి కారణం చాలావరకు ఇదే. తళతళకీ పదునుకీ చుట్టరికం లేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒక వైపు నూరగా నూరగా అరిగిన ఉక్కు అవతలి వైపుకి తిరిగి, అట్టు అంచున విరిసే కరకర పొరలాగా సన్నగా లేస్తుంది. కంటికి ఆనదు. వేలి కొసని అడ్డంగా, లోపల్నుంచి అంచు బయటికి జరిపితే గరుగ్గా తగులుతుంది. (అంచు వెంబడి జరపకండి, ఆ తర్వాత కబుర్లకి కట్టు కట్టుకుని రావాల్సి వస్తుంది.) ఆ పొర లేచిందంటే ఆ వైపు పని అయినట్టు. అప్పుడు తిప్పి రెండో వైపు అంతే. చివర్న రెండు వైపులా తేలిగ్గా లాగి ఆ పొరని రాల్చెయ్యాలి. రాల్చకుండా వదిలేస్తే మొదటిరోజు భేషుగ్గా కోస్తుంది, మర్నాటికి పొర ముడుచుకుని టమాటా తొక్క మీద జారుతుంది. పాత మంగలి షాపుల్లో గోడకి వేలాడే తోలుపట్టీ గుర్తుందా? టపటపమని అటూ ఇటూ లాగేవాళ్ళు. ఆ పొరని సరిచేసి, అంచు నిటారుగా నిలబెట్టడానికే ఆ టపటపలు. ఇప్పుడు సగానికి విరిచిన కొత్త బ్లేడు పెట్టి గీస్తున్నారు, అదీ ఆరోగ్యానికి మంచిదే. కానీ ఆ పట్టీతోపాటు కత్తిని చూసుకోవడం అనే అలవాటు కూడా గోడ దిగిపోయింది.

వంటింటి కత్తి సరే, ఒరలో ఉండే పెద్దకత్తి మాటేమిటని అడుగుతారు. అక్కడికే వస్తున్నా.

ఉక్కు మాటెత్తితే మన తెలంగాణవాళ్ళం కాలరెగరేయొచ్చు. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఓ ఊరు. ఇనుమునీ బొగ్గు పదార్థాన్నీ మట్టిమూసల్లో పెట్టి, మూత బిగించి, కొలిమిలో రోజంతా కాచి, నిదానంగా చల్లార్చి ఉక్కు బిళ్ళలు తీసేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భశాస్త్రం కూడా ఎరిగినవాడు, ఆ ఊరెళ్ళి పని దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. ఆయన వెళ్ళేసరికి అక్కడ పర్షియా వర్తకులు దిగి ఉన్నారు. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! ఆ బిళ్ళల కోసం అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవాళ్ళు. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యం ఉక్కు గొప్ప గురించి రాశాడు. లండన్‌లో మైకేల్ ఫారడే, అదే కరెంటు ఫారడే, కమ్మరి కొడుకు, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి 1820 ప్రాంతంలో మన దేశపు ఉక్కు గుట్టు విప్పాలని తంటాలు పడ్డాడు. ఆ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం అటూ ఇటూ. దాన్ని తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగదీస్తే, గట్టి కార్బైడు రేణువులు వరసలు కట్టి, కత్తి ఒంటి మీద నీటి అలల్లాంటి గీతలు తేల్తాయి. ఆ అలలే డమాస్కస్ కత్తులని లోకం నోరెళ్ళబెట్టిన అలలు.

బాగుందా? ఇలా గొప్పలు చెప్పుకుంటూ రాత్రిదాకా కూర్చోవచ్చు. కానీ హైదరాబాదు కత్తి పదును లోకానికి చాటింది ఈ గొప్ప ఉక్కు కాదు, ఇంగ్లిషువాళ్ళు పారేసిన తుక్కు. ఈ కథ నాకు మహా ఇష్టం. కాస్త దగ్గరికి జరగండి.

లూయీ నోలన్ అని ఓ బ్రిటిష్ అశ్వికుడు. పదిహేనో హుస్సార్ రెజిమెంటుతో 1840లలో దక్షిణాదిన ఉన్నాడు. గుర్రాల పిచ్చి, కత్తుల పిచ్చి. నిజాం అశ్వదళం ఒకటి తిరుగుబాటుదారుల గుంపుతో తలపడిందనీ, తర్వాత గాయాల్ని పరీక్షించిన డాక్టరు ఓ రిపోర్టు రాశాడనీ విన్నాడు. ఆ రిపోర్టు సంపాదించి చదివాడు. చదివి నమ్మలేకపోయాడు. భుజం దగ్గర తెగిపడిన చెయ్యి. మొండెం నుంచి వేరైన తల. తలని కాపాడుకుందామని అడ్డం పెట్టిన రెండు చేతులూ మణికట్టు పైన ఒకే వేటుకి తెగిపోయిన మనిషి. మోకాలి పైన నరికిన కాలు. నోలన్‌కి తెలిసిన యుద్ధాల్లో కత్తి దెబ్బంటే వాపూ, గీతా, మహా అయితే ఓ చీలిక. ఈ గుర్రపురౌతులు రాక్షసులా ఏమిటని అనుమానమొచ్చింది.

అదృష్టం కొద్దీ కొంతకాలానికే హైదరాబాదు రావడం తటస్థించింది, ఆ రిసాలా, అంటే గుర్రపుదళం, అప్పుడు ఇక్కడే మకాం. సికిందరాబాదు అవతల బొల్లారంలో రిసాలా బజార్ అనే పేరు ఇప్పటికీ ఉంది చూడండి, ఆ కాలపు అశ్వదళాల గుర్తే అది. మా పక్కనున్న బేగంపేట పైగా నవాబులూ సొంత గుర్రపుదళాలు నడిపినవాళ్ళే. వాళ్ళ వంశకర్త అబుల్ ఫతే ఖాన్‌ని తేగ్ జంగ్ అనేవాళ్ళు, తేగ్ అంటే కత్తే. సరే, నోలన్ వెళ్ళాడు. రాక్షసుల్లేరు, మామూలు మనుషులే. ఏదో మాయకత్తి ఉంటుందని ఒరలోంచి తీయించి చూశాడు. చూసి నోరెళ్ళబెట్టాడు. అవి తన సైన్యమే పనికిరావని తీసిపారేసిన పాత డ్రాగూన్ కత్తులు!

ఈ మనవాళ్ళు వాటిని ఏం చేశారయ్యా అంటే, పాత పిడులు ఊడదీసి తమ తరహా పిడులు వేసుకున్నారు. లోహపు పిడి, చిన్న పట్టు, కాస్త చదునుగా. గుండ్రటి పట్టయితే అరచేతిలో తిరిగిపోతుంది, అంచు అడ్డంగా తగులుతుంది. చదును పట్టు అయితే అంచు ఎటుందో కళ్ళు మూసుకున్నా చేతికి తెలుస్తుంది. మడమ నుంచి మొన దాకా మంగలికత్తిలా నూరారు. ఇంతవరకూ పదును పెట్టడమే, ఎవరైనా చేస్తారు. అసలు కిటుకు ఆ తర్వాతది. ఆ కత్తుల్ని చెక్క ఒరల్లో ఉంచారు. ఒరలోంచి ఎగిరిపడకుండా, లోపల గలగల కదలకుండా ఓ పట్టీతో బిగించారు. పోరాటానికి తప్ప కత్తి దూసేవాళ్ళు కాదు.

ఇంగ్లిషువాళ్ళ ఒరలు ఉక్కువి. చూడ్డానికి దర్జా. గుర్రం దౌడు తీస్తే కత్తి లోపల కొట్టుకుంటూ, అంచు ఉక్కుకేసి రాసుకుంటూ మోగుతుంది. పరేడని తీయాలి, తనిఖీ అని తీయాలి, సలాము కొట్టాలంటే తీయాలి, మళ్ళీ తొయ్యాలి. తీసినప్పుడల్లా ఒర మూతి అంచుని ఓసారి గీకుతుంది. మెరుపు కోసం తోమడం ఒకటి. పైగా శాంతికాలంలో కత్తుల్ని మొద్దుగానే ఉంచి, యుద్ధం ముంచుకొచ్చాక ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ దగ్గర వరస కట్టించే పద్ధతి వాళ్ళది. యుద్ధమంటే మరి వారం ముందు చెప్పి వస్తుందా?

నోలన్ ఊరుకోలేదు. ఓ పాత సవారుని పట్టుకుని, ఇంతకీ మీరు కొట్టే ఒడుపేమిటి, కుర్రాళ్ళకి ఏం నేర్పిస్తారని గుచ్చి గుచ్చి అడిగాడు. గట్టిగా కొట్టడమే అన్నాడాయన. అది కాదయ్యా, అంచు అలా లాగుతూ కోసే విద్య ఎలా నేర్పుతారని మళ్ళీ అడిగితే, మేమేమీ నేర్పం, పదునున్న కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుందని తేల్చేశాడు. డెమో క్లాసు కూడా పెట్టలేదన్నమాట. ఇదంతా నోలన్ 1853లో అచ్చయిన తన అశ్వదళ యుద్ధతంత్రం పుస్తకంలో రాసుకున్నాడు. చెక్క ఒరలు పెట్టండి మొర్రో అని తనవాళ్ళకి చెప్పి చూశాడు. మరుసటేడు అక్టోబరు 25న క్రిమియాలో, బాలక్లావా దగ్గర, లైట్ బ్రిగేడు అనే బ్రిటిష్ అశ్వదళాన్ని ఫిరంగుల నోటికి పంపిన ఆ పేరుమోసిన ఉత్తరువు మోసుకెళ్ళింది ఈ నోలనే. ఆ దాడిలో మొదటగా కూలినవాళ్ళలో ఆయనొకడు. అదే రోజు హెవీ బ్రిగేడు దాడిలో బ్రిటిష్ కత్తులు రష్యావాళ్ళ మందపాటి కోట్ల మీద పడి తెగక వెనక్కి ఎగిరాయని చెప్పుకున్నారు. చెప్పినమాట వినకపోతే ఇంతే మరి.

హైదరాబాదు అశ్వదళాల్లో కొన్ని తర్వాత డెక్కన్ హార్స్ అయ్యాయి. 1916 జూలై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ అడవి దగ్గర 20వ డెక్కన్ హార్స్ రౌతులు బల్లేలు పట్టుకుని జర్మన్ల మీదికి దౌడు తీశారు. అప్పటికే మెషిన్ గన్నుల రోజులు. ఆ పేరు ఇవాళ మన సైన్యంలో ట్యాంకుల రెజిమెంటుగా నడుస్తోంది.

ఇప్పుడు నా పక్షం చెప్పనివ్వండి. కోనసముద్రం ఉక్కుని చూసి గర్వపడటం మనకి తేలిక, అది ఎవరో తాత చేసి పెట్టిన గొప్ప. తుక్కు కత్తిని మంగలికత్తి చేసి, దాన్ని తీయకుండా ఉండటం కష్టం. నూరడం ఒక పూట పని. నూరినదాన్ని ముట్టకుండా కాపాడటం ఏళ్ళ పని, దానికి చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండరు. అందుకే సినిమాల్లో కత్తి దూసేటప్పుడు "శ్రింగ్" మని చప్పుడు పెడతారు చూడండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చప్పుడొచ్చిందంటే అంచు లోహానికి రాసుకుంటోందని అర్థం. బాగా కుదిరిన చెక్క ఒరలోంచి కత్తి గుట్టుగా వస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది చూశారా? అందరూ గడియారం దగ్గర గంట కొట్టే బొమ్మ కోసం ఎగబడతారు, అది అయ్యాక ముసుగుకన్య శిల్పం దగ్గరికి పరిగెడతారు. కత్తుల గదిలో తీరిగ్గా నిలబడొచ్చు. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి మాత్రం జేడ్ గదిలో ఉన్నాయి. పాత కత్తుల్ని అద్దానికి ముక్కు ఆనించి, కాస్త పక్కకి వంగి, వెలుగు ఏటవాలుగా పడేలా చూడండి. సాదా బూడిదరంగు అనుకున్నదాని మీద, మంచి ఉక్కయితే, ఉన్నట్టుండి అలలు కదుల్తాయి. ఆ అలలు వాటంతటవే కనబడవు. మెరుగు పెట్టాక అన్నభేది లాంటి పుల్లటి లవణం పూసి తేలుస్తారు. గట్టి గీత ఒక రకంగా, మెత్తని గీత ఒక రకంగా ఆ పులుపుకి తినబడి రంగులు విడతాయి. ఇప్పుడు అలాంటి కత్తిని సైకిలు సానరాయి మీద పెట్టారనుకోండి. పావుగంటలో అంచు వస్తుంది, మూడు వందల ఏళ్ళ అలలు పోతాయి. అందుకే మ్యూజియం వాళ్ళు కత్తులకి సాన పట్టరు. తుప్పు ఆపుతారు, అంతే.

పెద్దకత్తికి ఈ చిన్న రాతిచక్రం పనికిరాదు. మూడడుగుల కత్తిని గిర్రున తిరిగే ఆ చిన్న రాతి మీద ఒకే ఒత్తిడితో లాగడం చాలా కష్టం. అంచు పాము నడకలా అలలు పోతుంది. పాత సికిల్‌గర్లు, అంటే కత్తుల మెరుగుకే పుట్టినట్టు బతికిన పనివాళ్ళు, కురువిందం పొడిని లక్కలో కలిపి రాళ్ళు చేసుకునేవాళ్ళు. సిక్కుల్లో సికిల్‌గర్లని ఓ తెగే ఉంది, గురువుల కాలం నుంచి ఆయుధాలు చేసినవాళ్ళు. 1832లో రంజిత్‌సింగ్ పంపిన దళంతో హైదరాబాదుకి సిక్కులు వచ్చి స్థిరపడ్డారు. మన అమీర్‌పేట గురుద్వారా వాళ్ళు నగర్ కీర్తన తీసినప్పుడు ముందు నడిచే కుర్రాళ్ళ చేతుల్లో కత్తులు చూసే ఉంటారు. ఇంతకీ పెద్దకత్తిని చేత్తో నూరేటప్పుడు బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి, రాయినే కత్తి వెంట నడిపించాలి. కూరగాయల కత్తి అంచు ఒక్కో వైపు ఇరవై డిగ్రీలుంటే సరి. ఎముకకి తగిలే కత్తికి అంచు వెనక కాస్త పొట్ట ఉండాలి, బియ్యపు గింజ వీపులా కొద్దిగా ఉబ్బు. పల్చగా, బోలుగా నూరితే మంగలి పనికి బాగుంటుంది, గట్టిదానికి తగలగానే చిట్లుతుంది.

ఇంతా విని మీరు ఇంటికెళ్ళి కత్తి కొనేస్తారేమో, ఆగండి. ఈ మధ్య మన నగరంలో పుట్టినరోజు కేకుని కత్తితో కోసే సరదా ఒకటి బయల్దేరింది. నడిరోడ్డు మీద బైకు సీటు పైన కేకు, చేతిలో రెండడుగుల కత్తి, చుట్టూ ఫోన్లు. వీడియో ఊరంతా తిరిగేలోపు పోలీసులు తలుపు తడతారు, 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు. తొమ్మిదంగుళాలకన్నా పొడవో రెండంగుళాలకన్నా వెడల్పో ఉన్న కత్తులు ఆ నిబంధనల లెక్కలోకి వస్తాయి. వంటకీ వ్యవసాయానికీ వృత్తికీ చేసినవి వేరు. సిక్కుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణమే రక్షణ ఇచ్చింది. కేకు కోసే కుర్రాళ్ళకి ఏ అధికరణమూ లేదు. నన్నడిగితే వాళ్ళ మీద ఇంకో సెక్షన్ కూడా పెట్టాలి. క్రీము అంటిన కత్తిని కడక్కుండా తోలు ఒరలో దోపేస్తారు. చక్కెర, తేమ, తోలు, మూడూ కలిస్తే ఉక్కుకి ఇంకేం శత్రువు కావాలి?

మా ఎదురింటి పెద్దాయన దగ్గర తాతల నాటి తల్వార్ ఒకటుంది. ఒకప్పుడు దసరాకి జమ్మి పూజ దగ్గర పెట్టేవాళ్ళట, తర్వాత అటక ఎక్కింది. మొన్న వానకి అటక కారితే దించారు. తోలు ఒర ఉబ్బి, కుట్లు విడిపోయి, ఒర లోహపు కప్పుకి పచ్చగా చిలుము పట్టి ఉంది. కత్తి లాగితే సగం దాకా వచ్చి ఆగింది. "కాస్త సాన పట్టిద్దామా అండీ?" అన్నాడాయన ఉత్సాహంగా. వద్దంటే వద్దన్నాను. తోలు చెమ్మని పీల్చి దాచుకుంటుంది, తోలుని పదును చెయ్యడానికి వాడిన మందుల పులుపు కూడా అందులోనే ఉంటుంది, అందుకే ఎంత మంచి తోలైనా కత్తికి కాపురం ఉండే చోటు కాదు. దారిలో తొడుక్కునే చొక్కా మాత్రమే. ఓ గంట తంటాలు పడి, కత్తిని తిప్పకుండా, వెన్ను వైపుకి ఆనించి లాగి తీశాం. మెత్తగుడ్డకి కుట్టుమిషను నూనె రాసి తుడిస్తే గుడ్డకి ఎర్రటి బురద. మళ్ళీ నూనె, మళ్ళీ గుడ్డ. గరుకు కాగితం మాటెత్తొద్దన్నాను, ఒప్పుకున్నాడు. కొబ్బరినూనె రాయనా అంది వాళ్ళావిడ. చలికాలంలో పేరుకుపోతుందమ్మా, వద్దన్నాను. వేలిముద్రలు కూడా పడనివ్వకండి, చేతి చెమటలో ఉప్పుంటుంది, వారం తిరిగేసరికి అక్కడ మీ వేలి ముద్రే తుప్పుగా తేల్తుంది.

మొన దగ్గర జానెడు మేర తుప్పు పోయాక ఏటవాలు వెలుగులో పెట్టి చూశాం. అలల్లేవు. సాదా ఉక్కే. ఆయన మొహం కాస్త చిన్నబోయింది. మీ తాతగారు నిజాం రిసాలాలో ఉన్నా ఆయన దగ్గర అలల కత్తి ఉండేది కాదండీ అని నోలన్ కథ చెప్పాను. అప్పట్నుంచీ ఆయనకి చెక్క ఒర పిచ్చి పట్టుకుంది.

ఏ చెక్క అన్నది పెద్ద చర్చ. జపాన్‌లో మెత్తటి మాగ్నోలియా కలప వాడతారు, రెండు పలకల్ని లోపల తొలిచి అన్నం జిగురుతో అతికిస్తారు. కావాలంటే మళ్ళీ విడదీసి లోపల శుభ్రం చేసుకోవచ్చని. మనకి టేకు దొరుకుతుంది గానీ గట్టిది, నాకైతే మెత్తకర్ర నయమనిపించింది. అది బాగా ఎండిందై ఉండాలి, పచ్చి వాసన ఉండకూడదు. కత్తి లోపల వెన్ను మీదే ఆనాలి, అంచు గాలిలో తేలాలి. మూతి దగ్గర మాత్రం బిగువు. ఇదంతా కాయితం మీద గీసుకుని ఇద్దరం మా వీధి చివర వడ్రంగి దగ్గరికి వెళ్ళాం. ఆయన గీత అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మేం చెప్పిందంతా ఓపిగ్గా విని, చెవి మీద పెన్సిలు తీసి కొలతలు రాసుకున్నాడు.

"రెండు పలకలు తొలిచి అతికిస్త సార్, అదేం పెద్ద పని కాదు. గనీ కొలత కోసమని కత్తిని గుడ్డల చుట్టుకొని నా దుకాణంకు పట్టుకరాకుండ్రి. అట్టముక్క మీద గీత గీసి తెండ్రి, సాలు. ముంగట మీరు ఠాణాకు పోయి కాయితం సంగతి చూస్కోండ్రి."